కట్టెల కోతకు ఏడు కిలోల మిషన్ ఎందుకు? నాలుగు కిలోలది చాలదా?

తుమ్మ కట్టె, చింత మొద్దు గట్టివి కాబట్టి పెద్ద మిషనే కావాలని మన దగ్గర చాలామంది అనుకుంటారు. షాపుకు పోగానే చూపు 58 సీసీ, 22 అంగుళాల బారు ఉన్న దాని మీదనే పడుతుంది. ధర సుత తక్కువ చెబుతారు. ఇంటికి తెచ్చినంక గంట సేపు కోసేసరికి నడుము పట్టేస్తుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. నాలుగు రోజులకు ఆ మిషన్ కొట్టంలో ఓ మూలకు చేరుతుంది. లేదంటే అలసిన చేతులతో అట్లనే కోస్తూ పోయి కాలు మీదకు తెచ్చుకుంటారు. పైసలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కాలో చెయ్యో పోతే రెండెకరాల రైతుకు ఆ ఏడాది సేద్యమే పోయినట్టు. అందుకే కొనకముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

2016లో మహబూబాబాద్ జిల్లాలో కొత్త మండలంగా ఏర్పడిన పెద్దవంగరలో గానీ, చుట్టుపక్కల తొర్రూరు, కొడకండ్ల, పాలకుర్తి దిక్కున గానీ చిన్న రైతు కోసే కట్టె ఏమిటో ఒకసారి చూడండి. గెట్ల మీద నల్ల తుమ్మ, వేప. బీడులో, చెరువు శిఖంలో సర్కారు తుమ్మ. బాయికాడ కానుగ, సుబాబుల్. తోట ఉన్నవాళ్లకు ముదిరిన మామిడి కొమ్మలు. ఎప్పుడో గాలివానకు పడిన చింత చెట్టు. గ్యాసు వచ్చినా వేడినీళ్లకు, పెండ్లి వంటలకు, పండుగలకు కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. ఈ కట్టెలన్నిటిలో పొయ్యికి పోయే వాటి లావు ఎక్కువగా 4 నుంచి 12 అంగుళాల లోపే. మిషన్‌ను ఈ లావు చూసి ఎంచుకోవాలి. చెట్టు పేరు చూసి కాదు.

గట్టి కట్టె అంటే ఏమిటి?

బాగా ఎండిన నల్ల తుమ్మ ఘనపు మీటరుకు 800 కిలోల దరిదాపు తూగుతుంది. సర్కారు తుమ్మ కూడా ఇంచుమించు అంతే. మామిడి, సుబాబుల్ అంతకన్నా తేలిక. పాతకాలంలో నాగళ్లకు, బండి చక్రాలకు నల్ల తుమ్మ చేవనే వాడింది ఈ గట్టిదనం వల్లనే. పొయ్యిలో కూడా దీని వేడి గొప్పది. కిలో తుమ్మ కట్టె 4,800 నుంచి 4,950 కిలో క్యాలరీల వేడి ఇస్తుందని పాత పరీక్షల లెక్క.

సర్కారు తుమ్మ మన నేల చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. కట్టెల కరువు తీరుతుందని తెచ్చిన చెట్టు చెరువులను, బీళ్లను కమ్మేసింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చెరువుల పూడికతో పాటు ఈ కంపను కూడా తొలగించారు. అయినా మొదలు మిగిలితే చాలు, మళ్లీ నాలుగైదు పిలకలు లేస్తాయి. అందుకే దీనితో పని ఏటా ఉంటుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. తుమ్మను పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే చైను సులువుగా దిగుతుంది. ఏడాది ఎండినంక కోస్తే అదే కట్టె రాయి లెక్క అవుతుంది, పండ్లు తొందరగా మొండిబారతాయి. కాబట్టి పచ్చిగానే ముక్కలు కోసి, చీల్చి, గాలి ఆడేటట్టు పేర్చి ఎండనివ్వాలి. చీల్చిన ముక్క తొందరగా ఎండుతుంది, పొగ తక్కువ వస్తుంది. ఈ ఒక్క పద్ధతి మార్చుకుంటే పెద్ద మిషన్ అవసరం సగం తగ్గిపోతుంది.

బరువు ఎట్లా లెక్కగట్టాలి?

డబ్బా మీద రాసిన బరువు చూసి మోసపోవద్దు. చాలా కంపెనీలు రాసేది ఒట్టి ఇంజను బరువు. బారు, చైను, పెట్రోలు, నూనె అందులో కలపరు. 16 అంగుళాల బారు, చైను కలిసి కిలో దరిదాపు ఉంటాయి. ట్యాంకులో పెట్రోలు, చైను నూనె నింపితే ఇంకో అర కిలో. అంటే 4 కిలోలని రాసి ఉన్న మిషన్ చేతిలోకి వచ్చేసరికి 5 కిలోల 500 గ్రాములు. 5 కిలోల 500 గ్రాములని రాసి ఉన్న పెద్ద మిషన్‌కు 22 అంగుళాల బారు తగిలిస్తే 7 కిలోలు దాటి 8 దాకా పోతుంది.

రెండున్నర కిలోలు తేడా ఎంత అనుకోవచ్చు. లెక్క వేసి చూడండి. గంటకు 60 కోతలు కోశారనుకుందాం. ప్రతి కోతకూ మిషన్‌ను ఒకసారి లేపాలి. అంటే గంటకు 150 కిలోలు అదనంగా ఎత్తినట్టు. నాలుగు గంటల పనికి 600 కిలోలు. డీఏపీ బస్తా 50 కిలోలు. ఊరికే 12 బస్తాలు ఎక్కువ ఎత్తి దించినట్టు లెక్క. అదీ నిటారుగా నిలబడి కాదు, నడుము వంచి, చేతులు ముందుకు చాపి. ఆ అలసటతోనే పట్టు సడలుతుంది. ప్రమాదాలు జరిగేది అప్పుడే.

ఈ మిషన్ల చరిత్ర కూడా బరువు తగ్గించుకుంటూ వచ్చిన చరిత్రే. 1929లో జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ తయారు చేసిన పెట్రోలు రంపం బరువు 46 కిలోలు. దాన్ని ఇద్దరు పట్టుకోవాలి. 1950లో ఒక్కరే పట్టుకోగలిగిన మిషన్ వచ్చింది, దాని బరువు 16 కిలోలు. ఇవాళ 4 కిలోల మిషన్‌తో తుమ్మ మొద్దు కోస్తున్నాం. అంత కష్టపడి తగ్గించిన బరువును మనం అక్కరలేని చోట మళ్లీ ఎత్తుకోవడం ఎందుకు?

సీసీ కాదు, కిలోవాట్లు చూడండి

సీసీ అంటే ఇంజను గుండ్లో పిస్టన్ ఆడే జాగా. అది ఎక్కువున్నంత మాత్రాన బలం ఎక్కువుండదు. అసలు బలం కిలోవాట్లలో రాసి ఉంటుంది. ఒక కిలోవాట్ అంటే హార్స్ పవర్ లెక్కలో 1.34. దానికి తోడు తక్కువ ధర మిషన్ల మీద రాసిన సీసీ అన్నిసార్లూ నిజం కాదు. కరపత్రంలో గుండు వ్యాసం, పిస్టన్ నడక ఇచ్చి ఉంటే మనమే లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు వ్యాసం 45.2 మిల్లీమీటర్లు, నడక 34 మిల్లీమీటర్లు ఉంటే వచ్చేది 54.6 సీసీ. పైన 58 అని రాసి ఉన్నా అంతే.

పోలిక కోసం మాత్రమే రెండు చెబుతాం, ఇవే కొనమని కాదు. స్టిల్ ఎంఎస్ 180 అనే చిన్న మిషన్ 31.8 సీసీ, బలం సుమారు 1.4 కిలోవాట్లు, బారు లేకుండా బరువు 4 కిలోల దరిదాపు. అదే కంపెనీ ఎంఎస్ 250 మిషన్ 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు, బరువు 4.6 కిలోలు. మరో 600 గ్రాములు మోస్తే బలం ఒకటిన్నర రెట్లు దాటి వస్తున్నది. ఇట్లాగే ఏ కంపెనీదైనా కిలోకు ఎన్ని కిలోవాట్లు వస్తున్నాయో చూసుకోవాలి. బరువు ఏడు కిలోలై, బలం ఈ రెండో దానంతే ఉంటే ఆ మిషన్ మోత తప్ప లాభం లేదు.

మన పనికి ఈ కింది కొలతలు గుర్తుపెట్టుకుంటే చాలు.

- కొమ్మలు, 8 అంగుళాల లోపు కట్టెలు, ఏడాదికి నాలుగైదు రోజుల పని: 30 నుంచి 35 సీసీ, 12 లేదా 14 అంగుళాల బారు.
- 8 నుంచి 14 అంగుళాల తుమ్మ, వేప మొద్దులు, ఏడాదికి పది పదిహేను రోజుల పని: 40 నుంచి 46 సీసీ, 16 అంగుళాల బారు, ఇంజను బరువు 5 కిలోల లోపు.
- రెండు అడుగుల లావు చింత, వేప మొదళ్లు: ఇది చిన్న రైతు సొంత మిషన్‌తో చేసే పని కాదు. ఇలాంటివి జీవితంలో ఒకటి రెండుసార్లు వస్తాయి. వాటికి పెద్ద మిషన్ ఉన్న పనివాళ్లను కిరాయికి పిలవడమే మేలు.

బారు పొడుగైతే పని ఎక్కువ అవుతుందా?

కాదు. బారు పొడుగు పెరిగిన కొద్దీ చైను పొడుగు, రాపిడి, బరువు అన్నీ పెరుగుతాయి. చిన్న ఇంజనుకు 20 అంగుళాల బారు వేస్తే గట్టి కట్టెలో దిగినంక ఇంజను గొంతు పడిపోతుంది, చైను ఆగిపోతుంది. క్లచ్ కాలుతుంది. బారు ముందుభాగం బరువెక్కి మణికట్టు లాగేస్తుంది. కొన నేలను తాకి పండ్లు పోతాయి. 14 అంగుళాల బారుతోనే 18 అంగుళాల మొద్దును ఈ పక్క నుంచి కొంత, ఆ పక్క నుంచి కొంత కోసి వేరు చేయవచ్చు.

చైను సంగతి ఇంకా ముఖ్యం. తేలిక మిషన్లకు త్రీబైఎయిట్ లో ప్రొఫైల్ అనే సన్న చైను వస్తుంది. దీని కోత సందు సన్నగా ఉంటుంది. అంటే పొట్టుగా పోయే కట్టె తక్కువ, ఇంజను మీద భారం తక్కువ. చిన్న ఇంజను గట్టి కట్టెను కోయగలిగే రహస్యం ఇదే. పెద్ద ఇంజను చైను తెచ్చి చిన్నదానికి వేస్తే పళ్ల చక్రానికి సరిపోదు, సరిపోయేటట్టు మార్పించినా లాగలేదు.

పండ్లలోనూ రెండు రకాలుంటాయి. మూల పదునుగా ఉండే ఫుల్ చిజెల్ ఒకటి. మూల కొంచెం గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ మరొకటి. మొదటిది శుభ్రమైన కట్టెలో వేగంగా పోతుంది, కానీ మట్టి తగిలితే వెంటనే మొండిబారుతుంది. మన తుమ్మ బెరడు మీద దుమ్ము, చెదపురుగుల మన్ను, ఈడ్చుకొచ్చినప్పుడు అంటిన ఇసుక ఉండనే ఉంటాయి. కాబట్టి మన దగ్గర సెమీ చిజెల్ మేలు. వేగం కొంచెం తగ్గినా పదును ఎక్కువ సేపు నిలుస్తుంది.

ఇవాళ మనం వాడే చైను పంటి రూపం ఒక పురుగును చూసి పుట్టింది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే కట్టెకోత మనిషి, మొద్దును తొలిచే పెంకు పురుగు పిల్లను గమనించాడు. అది తన దవడలతో కుడికి ఎడమకు కొరుకుతూ గట్టి కట్టెలోకి ఇట్టే పోతున్నది. అదే తీరులో కుడి పన్ను, ఎడమ పన్ను ఉండే చైనును తయారు చేశాడు. ఇంత చిన్న పురుగు అంత గట్టి కట్టెను కొరకగలిగింది పదునుతో, బరువుతో కాదు. ఈ మాట మరువొద్దు.

పదును పెట్టుకోవడం రాని వాళ్లకు ఏ మిషన్ అయినా దండుగే

మిషన్ కింద పడే పొట్టును చేతిలోకి తీసుకుని చూడండి. అటుకుల మాదిరిగా ముక్కలు పడుతుంటే పదును ఉన్నట్టు. పిండి లెక్క పడుతుంటే చైను మొండిబారినట్టు. మిషన్‌ను బలంగా నొక్కితే గానీ దిగడం లేదంటే, కోత వంకరగా పోతుంటే, పొగ లేస్తుంటే కూడా అంతే. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కడం కాదు, మిషన్ బంద్ చేసి గుండ్రటి ఆకురాయి తీయాలి.

త్రీబైఎయిట్ లో ప్రొఫైల్ చైనుకు 4 మిల్లీమీటర్ల ఆకురాయి, పాయింట్ త్రీ టూ ఫైవ్ చైనుకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి వాడాలి. పంటి మీద ఉన్న గీత ప్రకారం 30 డిగ్రీల వాలులో పట్టుకుని, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి గుంజేటప్పుడు తాకనివ్వొద్దు. ఒక్కో పంటికి రెండు మూడు తోపులు చాలు. అన్ని పండ్లకూ లెక్క సమానంగా ఉండాలి. లేకుంటే కోత ఒక పక్కకు గుంజుతుంది. పెట్రోలు నింపిన ప్రతిసారీ రెండు తోపులు ఇచ్చే అలవాటు చేసుకుంటే మొండిబారేదాకా పోదు. పంటి ముందున్న చిన్న మొప్పు పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. మూడు నాలుగుసార్లు పదును పెట్టినంక దాన్ని కొలపట్టీ వేసి చదును ఆకురాయితో దించాలి. దాన్ని ఎక్కువ దించితే మిషన్ ఎగురుతుంది. ఇది మొదటిసారి మెకానిక్ దగ్గర చూసి నేర్చుకోవడం మంచిది.

కోసే ముందు బెరడు మీది మట్టిని గొడ్డలితో గీకండి. గెట్టు మీది వేపకు, తుమ్మకు మనమే ఎన్నడో మేకులు కొట్టి, ముళ్ల తీగ చుట్టి ఉంటాం. చెట్టు దాన్ని లోపలికి మింగేస్తుంది. అలాంటి చోట కోయొద్దు. సర్కారు తుమ్మ మొదలును నేల దగ్గర కోసేటప్పుడు చైను మట్టిలోకి పోతే ఒక్క క్షణంలో పదునంతా పోతుంది. అక్కడ గడ్డపార, గొడ్డలితోనే పని. మళ్లీ చిగురించకుండా ఉండాలంటే మొదలును భూమిలోపలి నుంచే తీయాలి కదా.

పెట్రోలు, నూనె

ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోలులో టూటీ ఆయిల్ కలపకుండా నడిపితే నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది. మంచి ఆయిల్‌కు 50కి 1 పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కొన్ని మిషన్లకు 25కి 1, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు చెబుతారు. మీ మిషన్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పాటించండి. ఊహించి పోయొద్దు, కొలపాత్ర కొనుక్కోండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కార్బొరేటర్‌లోని రబ్బరు పొరలను, పైపులను పాడు చేస్తుంది. మీ మిషన్‌కు ఆ పెట్రోలు పనికొస్తుందా లేదా అని షాపులో అడగండి. కలిపిన పెట్రోలును నెల దాటి ఉంచొద్దు. పని అయిపోయి మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయేదాకా నడిపి బంద్ చేయండి. ఏడాదికి పది రోజులు వాడే మిషన్లు చెడిపోయేది పనిలో కాదు, మూలకు ఉండి.

చైనుకు పోసే నూనె వేరు. ట్రాక్టరు నుంచి తీసిన కాలిన నూనె ఊరికే వస్తుందని పోస్తుంటారు. అందులో సన్నటి ఇనుప పొడి ఉంటుంది. పంపును, బారును అరగదీస్తుంది. చర్మానికీ మంచిది కాదు. జిగురున్న చైన్ ఆయిల్ పోయాలి. నూనె వస్తున్నదా లేదా చూడాలంటే తెల్ల కాగితం మీదుగా బారు కొనను ఎత్తి పట్టి వేగం పెంచండి. కాగితం మీద నూనె చుక్కల గీత పడాలి. పడలేదంటే కోయొద్దు.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. పూర్తి వేగం మీద ఆపకుండా నడిపితే చిన్న మిషన్ గంటకు లీటరు లోపు తాగుతుంది. రెండు కిలోవాట్ల పైన ఉన్నది లీటరున్నర దాకా తాగుతుంది.

కరెంటుది, బ్యాటరీది పనికిరావా?

వాకిట్లో పేర్చిన కట్టెలు కోసుకునేవాళ్లకు కరెంటు మిషన్ బాగానే పనికొస్తుంది. పెట్రోలు కలిపే పని లేదు, చప్పుడు తక్కువ, తేలిక. 2,000 వాట్ల మిషన్ సుమారు 9 ఆంపియర్ల కరెంటు గుంజుతుంది. కాబట్టి చిన్న ప్లగ్గులో పెట్టొద్దు, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగు ఉండాలి. సన్న వైరును దూరం గుంజితే వోల్టేజి పడిపోయి మోటరు కాలుతుంది. తడి నేల మీద, వానలో అసలే వాడొద్దు. బాయికాడికి ఇది పనికిరాదు.

చేతిలో ఇమిడే 4, 6 అంగుళాల బ్యాటరీ రంపాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. మామిడి, నిమ్మ కొమ్మల కత్తిరింపుకు, ముల్లకంప కొట్టడానికి ఇవి హాయి. మూడు అంగుళాలు దాటిన తుమ్మ కట్టెకు వాటిని పెట్టొద్దు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా సులువుగా పట్టుకోగలుగుతారు గానీ బొమ్మ అనుకోవద్దు, వేళ్లు తెగిపోతాయి.

కొనాలా, కిరాయికి పిలవాలా?

ఇది ఎవరికి వారు లెక్క వేసుకోవాలి. మిషన్ 15 వేలు అనుకుందాం. జాగ్రత్తగా వాడితే ఐదేండ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 3 వేలు. చైను, ఆకురాయి, సర్వీసు కలిపి ఏడాదికి ఇంకో 2 వేలు. మొత్తం 5 వేలు. ఏడాదికి మూడే రోజులు పని ఉంటే రోజుకు 1,650 రూపాయల పైన పడినట్టు. పెట్రోలు ఖర్చు వేరే. పది రోజుల పని ఉంటే రోజుకు 500. మీ ఊర్లో మిషన్‌తో సహా వచ్చి కోసే మనిషి రోజుకు ఎంత తీసుకుంటున్నాడో దాంతో పోల్చి చూడండి. మూడు రోజుల పనికి కొనడం దండుగ అని మీకే తెలుస్తుంది.

పక్కపక్క చెలకల వాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం ఇంకో దారి. అప్పుడు ఒక నియమం పెట్టుకోవాలి. పదును పెట్టడం నేర్చుకున్న ఒకరిద్దరే దాన్ని నడపాలి. నలుగురి చేతుల్లో నలుగురి తీరుగా నడిస్తే ఆరు నెలలు కూడా ఉండదు. సబ్సిడీ పథకాల్లో ఏమైనా వస్తుందా అన్నది మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి తెలుసుకోండి.

షాపులో ఇవి చూడాలి

- మిషన్‌ను పెట్రోలు, నూనె నింపి, బారు బిగించి తూకం వేయించండి. రెండు చేతులతో నడుము ఎత్తున పట్టుకుని నిలబడండి. ముందుకు వంగిపోతుంటే ఆ బారు పొడుగు తగ్గించమనండి.
- ముందు చేతికి అడ్డంగా ఉండే చైన్ బ్రేకు ఉందా, ముందుకు తోస్తే చైను టక్కున ఆగుతున్నదా చూడండి. అది లేని మిషన్‌ను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.
- చైన్ క్యాచర్, రెండు మీటల యాక్సిలరేటరు ఉండాలి. పిడికి, ఇంజనుకు మధ్య స్ప్రింగులో రబ్బర్లో ఉంటే అదురు తగ్గుతుంది. అదురు ఎక్కువైతే ఏండ్ల తరబడి వాడినవాళ్ల వేళ్లు తెల్లబడి స్పర్శ పోతుంది.
- చైను పిచ్, గేజి, లింకుల లెక్క రాయించుకోండి. అదే చైను తొర్రూరులోనో, మహబూబాబాద్‌లోనో, వరంగల్‌లోనో దొరుకుతుందా అడగండి. సామాను దొరకని మిషన్ ఎంత చౌకైనా ఖరీదే.
- బిల్లు, గ్యారంటీ కాగితం తీసుకోండి. షాపు ముందే స్టార్ట్ చేయించి, ఒక కట్టె కోయించి చూడండి. చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కినంక రెండుసార్లూ స్టార్ట్ కావాలి.

ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

బారు కొన పైభాగం కట్టెకు తగిలితే మిషన్ ఒక్కసారిగా మొహం మీదకు ఎదురు తంతుంది. కన్ను మూసి తెరిచేలోపే అయిపోతుంది. అందుకని కొనతో పొడవొద్దు. బారు మధ్యభాగంతో, మొదటి నుంచి పూర్తి వేగంతో కోయాలి. ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి కింది నుంచి చుట్టి ఉండాలి. మిషన్‌ను భుజం కన్నా పైకి లేపొద్దు. చెట్టెక్కి, నిచ్చెనెక్కి, ఒక్క చేత్తో కోయొద్దు.

లుంగీ, పంచె, మెడలో తువ్వాల, చెప్పులతో మిషన్ పట్టొద్దు. బిగుతైన ప్యాంటు, బూట్లు, కండ్లకు అద్దాలు ఉండాలి. చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవుల్లో బిరడాలు పెట్టుకోండి. సర్కారు తుమ్మ ముల్లు కంట్లో పడితే చూపుకే ఎసరు. కోసేవారి దగ్గరలో ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, ఉండొద్దు. మొద్దును ఇంకొకరు కాలితో తొక్కి పట్టుకోవడం మానేయండి. ఎక్స్ ఆకారంలో కర్రలు పాతి, దాని మీద కట్టెను పెట్టి కోస్తే నడుముకూ సుఖం, చైనుకూ మట్టి తగలదు.

రెండు పక్కలా ఆనుకుని మధ్యలో గాలిలో ఉన్న మొద్దును ముందు పైనుంచి మూడో వంతు కోసి, తర్వాత కింది నుంచి కోయాలి. ఒక కొన గాలిలో వేలాడుతుంటే ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. అట్లా కాకుంటే బారు ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే గుంజులాడకుండా మిషన్ బంద్ చేసి కట్టె మేకు కొట్టి తీయండి. కరెంటు తీగల కింద చెట్టు ఉంటే కరెంటోళ్లకు చెప్పి లైను బంద్ చేయించాకే చేయి పెట్టండి. ఒంటరిగా పోవద్దు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయాలి.

కోసే హక్కు ఉందా?

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అనేది, తెలంగాణలోనూ అమలులో ఉంది. పట్టా భూమిలోదైనా చెట్టు నరికేందుకు అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. ఏ చెట్టుకు ఉంది, ట్రాక్టరులో తరలించడానికి ఏ కాగితం కావాలన్నది అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడగండి. చెరువు శిఖంలోని, రోడ్డు పక్క, హరితహారంలో నాటిన చెట్లు మనవి కావు. వాటి మీద మిషన్ పెడితే జరిమానా కట్టాలి, కేసు కూడా అవుతుంది. ఎండిన కొమ్మలు, పడిపోయిన చెట్లు, ఏటా మళ్లీ చిగురించే కంప, ఇవి చాలు ఒక ఇంటి పొయ్యికి. కొట్టినదానికి బదులు గెట్టు మీద రెండు మొక్కలు పెడితే రేపటి కట్టెకు కొరత ఉండదు.

చివరగా ఒక్క మాట. గట్టి కట్టెను కోసేది పదునైన చైను, సరైన పొడుగు బారు, అలసిపోని చేతులు. ఈ మూడూ తేలిక మిషన్‌తోనే కుదురుతాయి. ఏడు కిలోల దాన్ని కొనడానికి పోయేవాళ్లు ముందు ఇంట్లో ఉన్న కట్టెల లావును టేపు పెట్టి కొలుచుకుని, ఆ కొలత చీటీ మీద రాసుకుని షాపుకు పోండి.